ఈ నెల చర్చకు రెండు క్రీడా పుస్తకాలు

సభ్యులందరికీ నమస్కారం. న్యూయార్క్ టైమ్స్ విలేకరిగా పనిచేసిన వారెన్ సెయింట్ జాన్ పుస్తకాలు రెండింటిని ఈ నెల చర్చకు ప్రతిపాదిస్తున్నాను. 2004లో వచ్చిన ‘రామర్ జామర్ యెల్లో హామర్’ కోసం ఆయన లోపలే బస చేసే వీలున్న ఒక పాత బండి కొనుక్కుని, అలబామా విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వెంట ఊరూరా తిరిగే అభిమానులతో ఒక సీజనంతా గడిపారు. టెనెసీ జట్టుతో మ్యాచ్ కోసం కన్నకూతురి పెళ్లినే వదులుకున్న దంపతులు అందులో కనిపిస్తారు. 2009 నాటి ‘అవుట్‌కాస్ట్స్ యునైటెడ్’ నాకు మరింత ఇష్టం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న క్లార్క్‌స్టన్‌లో శరణార్థుల పిల్లలకు సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) నేర్పిన లూమా ముఫ్లే, ఆటతోపాటు చదువుకూ తప్పక రావాలంటూ నియమాల పత్రంపై సంతకాలు తీసుకున్న తీరు ఇందులో ఉంది. పిల్లలకు ఆటలు నేర్పుతున్న సభ్యులు దీనినే ముందుగా చదవాలని మనవి.