పిట్ చట్టం వెనుక కృష్ణ ఒడ్డు రాయి

సంపాదకులకు నమస్కారం.

వజ్రాల మాటెత్తితే మనవాళ్లంతా కోహినూరు దగ్గరే ఆగిపోతారు. కృష్ణ ఒడ్డు గనుల్లో దొరికిన మరో గొప్ప వజ్రం ‘రీజెంట్’ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అది కొల్లూరుదని కొందరు, పరిటాలదని కొందరు రాశారు. (కొల్లూరంటే తెనాలి దగ్గరిది కాదు, పులిచింతల నీళ్లలో మునిగిన పల్నాడు కొల్లూరు.)

దాన్ని ఇంగ్లండుకు చేర్చినవాడు థామస్ పిట్. 1670లలో బెంగాల్ తీరానికి వచ్చిన ఇంగ్లండు వర్తకుడు. ఇక్కడి వ్యాపారం ఈస్టిండియా కంపెనీకే గుత్తగా ఉన్నా, లెక్కచేయకుండా సొంత బేరాలు సాగించాడు. జరిమానా పడినా మానలేదు. గడించిన సొమ్ముతో ఇంగ్లండులో ఓల్డ్ సేరం ఎస్టేటు కొన్నాడు. అక్కడ ఊరు లేదు, పాడుబడ్డ కోట దిబ్బ తప్ప. ఓటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అయినా పార్లమెంటుకు ఇద్దరు సభ్యులు! ఎస్టేటు ఎవరిదో సీట్లూ వాళ్లవే. 1832 దాకా ఇదే తంతు.

చివరికి కంపెనీయే అతణ్ణి తన మనిషిని చేసుకుంది. 1698లో మద్రాసు గవర్నరుగా దిగాడు. ఆ పదవిలో ఉండగానే జామ్‌చంద్ అనే వ్యాపారి దగ్గర 410 కారెట్ల రాయిని 48,000 వరహాలకు కొన్నాడు. సానపట్టాక 140 కారెట్లు మిగిలింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకు అమ్మాడు. మనవడు విలియం పిట్ 1735లో ఆ ఓల్డ్ సేరం నుంచే పార్లమెంటుకు వెళ్లి, తర్వాత ప్రధాని అయ్యాడు. మునిమనవడు చిన్న పిట్ 24 ఏళ్లకే ప్రధాని. కంపెనీ మీద ప్రభుత్వ అజమాయిషీ పెట్టిన 1784 చట్టం అతనిదే.

ఆ ‘పిట్ ఇండియా చట్టం’ గురించి నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. ఆ ఇంటి సంపదలో మన కృష్ణ ఒడ్డు రాయి ఉందని రిటైరయ్యాకే తెలిసింది. తెలిసిన రోజు నిద్ర పట్టలేదు. ఎన్ని తరగతుల పిల్లలకు చెప్పకుండా వదిలేశానో కదా!

కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఆడవాళ్లు, పిల్లలు కూడా మట్టి మోసేవారట. పిట్ కథ చెప్పేటప్పుడు వాళ్ల కష్టమూ చెప్పాలి.

పులిచింతల ప్రాజెక్టు దగ్గర ప్రభుత్వం ఒక చిన్న ప్రదర్శనశాల కట్టాలి. రీజెంట్ నమూనా, పాత గనుల పటం, ముంపు గ్రామాల ఫొటోలు ఉంటే చాలు. పాఠ్యపుస్తకంలో 1784 చట్టం పక్కన ఈ వజ్రం గురించి నాలుగు వాక్యాలు చేర్చాలని విద్యాశాఖను వేడుకుంటున్నాను.

– విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, సత్తెనపల్లి