శ్రావణంలో కుట్టించుకున్న జాకెట్లు తిరిగి తెచ్చివ్వండి

ఆషాఢం చివరి నుంచి వినాయక చవితి వరకు విజయనగరంలో మన షాపులో లైనింగ్ జాకెట్టు గానీ, ఆఫీసుకు వేసుకునే కుర్తా గానీ కుట్టించుకున్న వాళ్లందరికీ చెబుతున్నాను. ఒక్క ఉతుకుకే అది బిగుసుకుపోయిందా? చంకల దగ్గర పట్టేస్తోందా? కింద అంచు లోపలికి ముడుచుకుంటోందా? మీరు లావు కాలేదు. నేను లోపల వేసిన లైనింగ్ గుడ్డ కుంచించుకుపోయింది. 94 జాకెట్లు, 9 కుర్తాలు. అన్నీ విప్పి, కొత్త లైనింగ్ వేసి, పైసా తీసుకోకుండా కుట్టిస్తాను.

మొదట నెల్లిమర్ల వైపు పనిచేసే టీచర్ గారొకరు వచ్చారు. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే జాకెట్టు మొత్తం పైకి లేచిపోతోందన్నారు. టీచర్లకి కొలత తీసుకునేటప్పుడు నేను చెయ్యెత్తించి మరీ చంక చూస్తాను. రోజంతా చెయ్యెత్తే ఉద్యోగం కదా. అందుకే నా కటింగే తప్పిందేమో అనుకుని, లోపలి కుట్టు ఒకటి వదిలి ఇచ్చేశాను. నాలుగు రోజులకి బ్యాంకులో చేసే మేడమ్ వచ్చారు. ఆవిడకీ అదే చేశాను.

ఆ తర్వాత వచ్చింది ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒక అప్ప. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. "లావైపోయానమ్మా, కుట్లు కాస్త వదులు చెయ్యి. మూడు వారాల నుంచి రాత్రి అన్నం మానేశాను, అయినా తగ్గలేదు" అంది. టేపు పెట్టి చూశాను. జూన్‌లో నా పుస్తకంలో రాసుకున్న కొలతకీ ఆ రోజు కొలతకీ పావంగుళం తేడా లేదు. జాకెట్టు తిరగేశాను. పైగుడ్డ ఎక్కడికక్కడ ఉబ్బి ముడతలు పడి ఉంది. లోపల లైనింగ్ డప్పు తోలులా బిగిసి ఉంది. నాకు నోట మాట రాలేదు. నైట్ డ్యూటీలు చేసే మనిషి నేను వేసిన గుడ్డ వల్ల అన్నం మానేసింది.

ఆ సాయంత్రమే మిగిలిన తానులోంచి నాలుగు వైపులా 20 అంగుళాలు ఉండేలా ముక్క కత్తిరించి, ఉతికి, ఆరాక కొలిచాను. పొడవు 18¾, వెడల్పు 19½. అంటే 14 అంగుళాల పొడవు జాకెట్టులో ముప్పావు అంగుళం పైనే పోయింది. 36 అంగుళాల చాతీ చుట్టూ ఇంకో ముప్పావు పైనే పోయింది. పైన ఉన్న గుడ్డ అంతగా తగ్గలేదు. రెండూ కలిపి కుట్టినవి కాబట్టి లైనింగ్ ఎటు లాగితే జాకెట్టు అటు పోతుంది. కాటన్ గుడ్డని నేసేటప్పుడూ, రంగు వేసి ఆరబెట్టేటప్పుడూ పొడవునా లాగిపట్టి ఉంచుతారు. మొదటిసారి బాగా తడిసినప్పుడు దారం ఉబ్బి, ఆ లాగుడు వదిలి, గుడ్డ వెనక్కి వచ్చేస్తుంది. మిల్లులోనే ముందుగా గుడ్డని అలా దగ్గర చేసేసే పద్ధతి ఒకటుంది, శాన్‌ఫరైజింగ్ అంటారు. అమెరికాలో 1930లో పేటెంట్ అయింది. ఐటీఐలో మా మేడమ్ ఆ మాట బోర్డు మీద రాసి మరీ చెప్పారు. ఈ గుడ్డ అలా చేసినదేనని చెప్పి నాకు అమ్మారు.

అమ్మింది విశాఖలో హోల్‌సేల్ డీలర్. పన్నెండేళ్లుగా నేను లైనింగ్ తెచ్చుకునేది ఆయన దగ్గరే. నా పెళ్లి జాకెట్టు లోపల ఉన్నది కూడా ఆయన ఇచ్చిన గుడ్డే. ఎప్పుడూ బాకీ పెట్టలేదు, ఎప్పుడూ బేరం ఆడలేదు. ఆషాఢం చివర్లో ఆయనే ఫోన్ చేసి, "కొత్త మిల్లు సరుకు వచ్చిందమ్మా, శాన్‌ఫరైజ్డ్, తడపక్కర్లేదు, నేరుగా కత్తెర పెట్టుకో" అన్నారు. మీటరుకి నాలుగు రూపాయలు ఎక్కువ. శ్రావణం పని నెత్తి మీద ఉంది, బయట వాన, తడిపిన గుడ్డ ఆరడానికి రెండు రోజులు పడుతోంది. నమ్మి ఆరు రంగుల్లో ఆరు తానులు తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఫోన్ చేస్తే మిల్లు వాళ్లు అలాగే చెప్పారు అన్నారు. బిల్లు మీద రాసి ఉందా అని అడిగారు. లేదు. ఫోన్‌లో చెప్పిన మాట బిల్లులో ఎలా ఉంటుంది? చివర్లో, "ఇన్నేళ్లుగా కుడుతున్నావు, ఒక ముక్క తడిపి చూసుకోవద్దా?" అన్నారు. మిగిలిన పదిహేను మీటర్లు వెనక్కి తీసుకుని డబ్బిస్తానన్నారు. నేను పంపలేదు, పంపను కూడా. ఆ గుడ్డ ఇంకొకరి షాపుకి వెళ్లి, ఇంకొకరి జాకెట్టులో చేరుతుంది. చీరి తుడుచుకునే గుడ్డలు చేసేశాను. ఇంక ఆయన దగ్గర బటన్ కూడా కొనను.

కానీ ఆయన అన్న ఆ చివరి మాట నాకు మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. అందులో నిజం ఉంది. మా అమ్మ గంటస్తంభం దగ్గర ఒక అరుగు మీద కాలి మిషన్ పెట్టుకుని కుట్టిన రోజుల నుంచీ, తడపని లైనింగ్‌కి కత్తెర పెట్టింది లేదు. పండగ రేపు అన్నా పెట్టేది కాదు. "ఇవాళ కుట్టి ఇచ్చేస్తే రేపు తిడతారు, రేపు ఇస్తే ఇవాళే తిడతారు, ఇవాళ తిట్టించుకుందాం" అనేది. ఆ ఒక్క శ్రావణం నేను తడపలేదు. ఈ సంగతి అమ్మకి చెప్పాను. ఏమీ అనకుండా బకెట్ తీసి కుళాయి కింద పెట్టింది.

అసలు తేల్చుకోలేకపోయింది ఒక్కటే. వచ్చి అడిగిన వాళ్లవి మాత్రమే బాగుచేసి ఊరుకోవాలా, అందరికీ చెప్పాలా? అడిగిన వాళ్లు అయిదారుగురే. షాపులో కుట్టే అమ్మాయి, "అప్పా, చెబితే పేరు పోతుంది, దసరా ముందు ఎవరూ రారు" అంది. తన బాధ కూడా న్యాయమే. తన జీతమూ ఈ పండగలోంచే రావాలి. దసరా నుంచి పైడితల్లమ్మ జాతర జరిగే సిరిమాను మంగళవారం వరకు వచ్చే పనితోనే నాకు సంక్రాంతి దాకా షాపు అద్దె గడుస్తుంది. సిరిమానుకి ముందు రోజు తొలేళ్లకి ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు, ఆ వారం ఊళ్లో ప్రతి ఇంట్లో కొత్త చీర విప్పుతారు. ఆ సీజన్ వదులుకోవడం చిన్న విషయం కాదు. లెక్క వేసి, చెరిపి, మళ్లీ వేశాను. ప్రతిసారీ ఆ నర్సప్ప అన్నం మాటే అడ్డం వచ్చింది. అద్దం ముందు నిలబడి తన ఒంటిని తానే తిట్టుకుంటున్నది ఇంకా ఎంతమందో! అందుకే అందరికీ చెబుతున్నాను.

కాబట్టి దసరాకి పది రోజుల ముందు వరకు కొత్త పని తీసుకోను. ఇప్పటికే ఇచ్చిన దసరా చీరల జాకెట్లు మాత్రం చెప్పిన రోజుకే ఇస్తాను. వాటి లైనింగ్ అంతా తడిపిందే. మిగతా టైమంతా ఈ 103 బట్టలకే.

పాలిస్టర్ క్రేప్ లైనింగ్ వేసేస్తే ఈ గొడవే ఉండదు కదా అని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. పాలిస్టర్ నీళ్లు పీల్చదు, ఉతికితే తగ్గదు, నిజమే. చెమట కూడా పీల్చదు. మన ఊరి ఉక్కలో, గజపతినగరం నుంచి నిలబడి బస్సులో వచ్చి, సాయంత్రం వరకు ఆఫీసులో కూర్చునే మనిషికి వీపు మీద పాలిస్టర్ వేసి పంపలేను. గంజి పెట్టిన కాటన్ చీర కట్టుకునే టీచర్ గారికి లోపల కూడా కాటనే ఉండాలి. నాకు వచ్చే లాభం తగ్గినా ఈ విషయంలో నేను మారను. మళ్లీ టూ బై టూ కాటనే వేస్తాను. రాత్రి నానబెట్టి, పిండకుండా తీగ మీద వేసి, నీడలో ఆరబెట్టి, చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేశాక కత్తిరిస్తాను. ముదురు రంగులు విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా. దాని వల్ల అయిదు రోజుల్లో ఇచ్చేది ఇకపై తొమ్మిది రోజులు పడుతుంది. రేపే కావాలి అంటే చేతులు జోడిస్తాను. కుట్టుకూలి పెంచడం లేదు.

మగ్గం వర్క్ జాకెట్లు ఉన్నవాళ్లు దయచేసి నీళ్లలో వేయకండి. వర్క్ పాడవకుండా లైనింగ్ విప్పడం చాలా నెమ్మదైన పని, అవి నేనే స్వయంగా చేస్తాను. మిగతావి ఉతికినా, ఉతక్కపోయినా అలాగే తీసుకురండి. ఆది జాకెట్టు తేనక్కర్లేదు, కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. బొబ్బిలి, చీపురుపల్లి వైపు వాళ్లు మీరే రావాలని లేదు, ఊళ్లోకి వచ్చేవాళ్లెవరితోనైనా మీ పేరు రాసి పంపండి. ఆదివారం కూడా షాపు తీసే ఉంటుంది.

ఇంకొక్కటి. బిగుతైపోయిందని చెల్లికో, మరదలికో ఇచ్చేసి ఉంటే అది అడిగి తేవద్దు. ఇచ్చేశాను అని నాకొక మాట చెప్పండి. ఆ చీరకి సరిపోయే గుడ్డ నేనే తెచ్చి, మీ కొలతకి కొత్తది కుట్టిస్తాను.