మా అమ్మాయి యూనివర్సిటీ అథ్లెటిక్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, మా అమ్మాయి జట్టు దూరప్రయాణాల గురించి రాసిన మూడు మెయిళ్లకూ మీ నుంచి జవాబు రాలేదు, అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

2024లో అమెరికాలో పది యూనివర్సిటీలు పాక్-12ను, అంటే పశ్చిమ ప్రాంత యూనివర్సిటీలు తమలో తాము ఆడుకునే కూటమిని (కాన్ఫరెన్స్‌ను) వదిలేశాయి. కారణం అమెరికన్ ఫుట్‌బాల్ టీవీ హక్కుల డబ్బే. మీరు చేరిన కాన్ఫరెన్స్ బిగ్ టెన్ 2022లో కుదుర్చుకున్న ఏడేళ్ల టీవీ ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్లు దాటింది. ఫుట్‌బాల్ వాళ్లకు వారానికి ఒకటే మ్యాచ్, సరే. మా అమ్మాయిది వాలీబాల్. వెస్ట్ కోస్ట్ నుంచి న్యూజెర్సీ దాకా వెళ్లి ఆడి, తెల్లవారుజామున మూడింటికి విమానం దిగి, మోకాలికి ఐస్ కట్టుకునే, ఉదయం ఎనిమిదింటి కెమిస్ట్రీ ల్యాబ్‌కి వెళ్లింది. ఫోన్ చేస్తే "నిద్రొస్తోంది నాన్నా" అంది, అంతే, ఇంకో మాట లేదు.

ఫుట్‌బాల్‌ను ఆ కాన్ఫరెన్స్‌లోనే ఉంచండి, కానీ మిగతా ఆటలు దగ్గరి జట్లతో జరిగేలా చూడండి. వచ్చే సీజన్ షెడ్యూల్ ఖరారయ్యేలోపు రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక క్రీడాకారిణి తండ్రి