ఢాకా ఓటమికి జమీల్ ఒక్కడినే నిలదీయకండి: కేంద్ర క్రీడా మంత్రి గారికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

విశాఖపట్నం,
2 డిసెంబర్ 2025

శ్రీ మన్‌సుఖ్ మాండవీయ గారికి,
కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ మంత్రి, న్యూఢిల్లీ.

మంత్రి గారూ, నమస్కారం.

నవంబర్ 18న మన ఫుట్‌బాల్ జట్టు ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడిపోయిన దగ్గర్నుంచి కోచ్ ఖాలిద్ జమీల్‌ని తీసెయ్యాలన్న మాట అన్ని వైపుల నుంచీ వినబడుతోంది. 2003 తర్వాత బంగ్లాదేశ్ మన మీద గెలవడం ఇదే మొదటిసారి. ఆ వెంటనే వచ్చిన ఫిఫా ర్యాంకుల్లో మనం 142కి జారిపోయాం, 2023 జులైలో 99లో ఉన్న జట్టండీ ఇది. కోపం రావడం సహజం, నాకూ వచ్చింది. కానీ ఆ కోపంలో ఇంకో కోచ్‌ని సాగనంపి, మళ్లీ దరఖాస్తులు పిలిచి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి ఇంకో రెండేళ్లు పోగొట్టుకుంటామేమోనని భయంగా ఉంది. కోచ్‌ని వేసేదీ తీసేదీ ఫుట్‌బాల్ ఫెడరేషనే అని తెలుసు. అయినా మీకు రాస్తున్నానంటే, జమీల్ పని ఎలా ఉందో తేల్చాలంటే ముందు ఆయన చేతికి మనం ఏమిచ్చామో చూడాలి, ఆ ఇవ్వాల్సినవన్నీ ఇప్పుడు మీ దగ్గరికే వచ్చి ఆగి ఉన్నాయి.

ఆయన ఆగస్టు 1న కోచ్ అయ్యారు. సావియో మెదీరా తర్వాత, అంటే 13 ఏళ్ల తర్వాత, మన దేశం మనిషికి ఆ పదవి దక్కింది. అంతకు ముందున్న మనోలో మార్కెజ్ చాలాకాలం ఒకవైపు గోవా క్లబ్బుకి కోచింగ్ ఇస్తూనే ఇంకోవైపు జాతీయ జట్టునీ చూశారు, ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటి గెలిచారు, అదీ మాల్దీవుల మీద. జమీల్ చేతికొచ్చింది ఆ జట్టు. బెంగళూరులో క్యాంప్ పెట్టి పట్టుమని పదిహేను రోజులైనా కాకుండానే ఒక టోర్నమెంట్ కోసం తజికిస్థాన్ వెళ్లి, వాళ్ల సొంత ఊళ్లో, వాళ్ల జనం ముందు ఆడాల్సి వచ్చింది. కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్ తన ఆటగాళ్లను పంపలేదు. సీనియర్ స్ట్రైకర్ సునీల్ ఛెత్రీని జమీలే పిలవలేదు.

ఆ మ్యాచ్ చూసినవాళ్లకి గుర్తుంటుంది. ఐదో నిమిషంలో మహమ్మద్ ఉవైస్ సైడ్ లైన్ దగ్గర బంతిని రెండు చేతులా పట్టుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి, పరిగెత్తుకొచ్చి బాక్సులోకి విసిరాడు. అన్వర్ అలీ తలతో గోల్ చేశాడు. ఉవైస్‌కి జాతీయ జట్టులో అది మొదటి మ్యాచ్. కాసేపటికి జింగన్ రెండో గోల్ కొట్టాడు, తర్వాత గురుప్రీత్ పెనాల్టీ ఆపాడు, 2-1తో గెలిచాం. ఇరాన్ మీద 0-3తో ఓడాం, అఫ్ఘానిస్థాన్‌తో గోల్ లేకుండా డ్రా చేసుకున్నాం. మూడో స్థానం కోసం ఒమన్‌తో ఆడినప్పుడు వాళ్లు 79వ ర్యాంకు, మనం 133. గోల్ వెనకబడి ఉన్నాం, ఎనభయ్యో నిమిషంలో మళ్లీ ఒక లాంగ్ త్రో నుంచే ఉదాంత సింగ్ తలతో కొట్టి సమం చేశాడు, పెనాల్టీల్లో గురుప్రీత్ చివరిది ఆపి గెలిపించాడు. అందంగా ఆడారని నేను అనను. కానీ ఉన్న పదిహేను రోజుల్లో ఏది నేర్పగలమో అదే నేర్పాడు ఈ కోచ్: లాంగ్ త్రోలు, డిఫెన్స్‌లో ఎవరెక్కడ నిలబడాలి, చివరి నిమిషం దాకా పరుగు ఆపకపోవడం. ఐజ్వాల్ లాంటి చిన్న క్లబ్బుని 2017లో ఐ-లీగ్ అనే జాతీయ క్లబ్ లీగ్‌లో ఛాంపియన్‌గా నిలబెట్టిన మనిషి పని ఇలాగే ఉంటుంది.

ఇక అక్టోబర్. 9వ తేదీన మా మధురవాడ స్టేడియంలో మహిళల ప్రపంచకప్ మ్యాచ్, భారత్, దక్షిణాఫ్రికా. ఊరు ఊరంతా అటే. అదే సాయంత్రం సింగపూర్‌లో మనవాళ్లు ఆసియా కప్ క్వాలిఫయర్ ఆడుతున్నారు. హాఫ్ టైమ్‌కి ముందు గోల్ ఇచ్చారు, రెండో సగం మొదలవగానే జింగన్ రెడ్ కార్డు తిన్నాడు. పదిమందితో అంతసేపు ఆడి, తొంభయ్యో నిమిషంలో సింగపూర్ డిఫెండర్ ఇచ్చిన బలహీనమైన బ్యాక్‌పాస్‌ని రహీం అలీ పసిగట్టి, మధ్యలో అందుకుని, గోల్‌కీపర్‌ని తప్పించి ఖాళీ గోల్‌లోకి నెట్టాడు. 1-1. క్రికెట్‌కి సీటు దొరికిందా లేదా అన్న టెన్షన్లో ఊరుంటే, ఈ గోల్ చూసినవాళ్లు మా వీధిలో ఎంతమంది ఉండి ఉంటారు!

ఐదు రోజుల తర్వాత మడ్‌గావ్‌లో అదే సింగపూర్‌తో మన గడ్డ మీద మ్యాచ్. ఇక్కడ మాత్రం జమీల్‌ని వెనకేసుకురాను. 14వ నిమిషంలో ఛాంగ్తే దూరం నుంచి కొట్టిన గోల్‌తో ముందున్నాం. గెలిచి తీరాల్సిన మ్యాచ్. అక్కడి నుంచి జట్టు వెనక్కి వెనక్కి జరిగింది, మిడ్‌ఫీల్డ్ మొత్తం వాళ్లకి వదిలేసింది, సాంగ్ ఉయ్-యంగ్ హాఫ్ టైమ్‌కి ముందొకటి, తర్వాతొకటి కొట్టాడు. 1-2. దాంతో 2027లో సౌదీలో జరిగే ఆసియా కప్ మనకి లేకుండా పోయింది. ముందున్నప్పుడు దాక్కోవడం ఆయన క్లబ్ రోజుల నుంచీ ఉన్న అలవాటు. చిన్న క్లబ్బుతో పెద్ద క్లబ్బుల మీదికి వెళ్లినప్పుడు అది పనికొచ్చింది. సొంతగడ్డ మీద సింగపూర్‌తో ఆడేటప్పుడు అదే పద్ధతి పట్టుకుంటే ఎలా? ఢాకాలో ఇంకో జబ్బు బయటపడింది. మొదటి పావుగంటలోనే మొర్సాలిన్ గోల్ కొట్టాడు, తర్వాత గంటకు పైగా బంతి ఎక్కువగా మన దగ్గరే ఉన్నా గోల్ దగ్గరికెళ్లేసరికి ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఇవి కోచ్‌ని అడగాల్సిన ప్రశ్నలు, ఆయన జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు.

అయితే గోల్ కొట్టేవాడు ఎక్కడి నుంచి రావాలి మంత్రి గారూ? గత ఐఎస్ఎల్ (దేశంలో టాప్ లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్) సీజన్లో భారతీయుల్లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టింది సునీల్ ఛెత్రీ, 14 గోల్స్, 40 ఏళ్ల వయసులో. సికింద్రాబాద్‌లో పుట్టినవాడని మాకు ఆయనంటే ఇంకాస్త ఎక్కువ అభిమానం, కానీ రిటైరైన మనిషిని మళ్లీ పిలుచుకోవాల్సి రావడం దేశానికి మంచి సంగతి కాదు. దాదాపు ప్రతి క్లబ్బూ స్ట్రైకర్ స్థానంలో విదేశీయుణ్ణే పెట్టుకుంటుంది, వాళ్లకి గెలవాలి కాబట్టి పెట్టుకుంటారు. మన కుర్రాళ్లు అంచున పరిగెత్తి క్రాసులు వేస్తారు. జాతీయ జట్టు కోచ్ పది రోజుల క్యాంపులో స్ట్రైకర్‌ని తయారు చేయలేడు. బావిలో నీళ్లుంటేనే కదా చేదలోకి వచ్చేది.

పైగా ఈ ఏడాది లీగే లేదు. జులైలో ఐఎస్ఎల్‌ని పక్కన పెట్టేశారు. పదిహేనేళ్ల కిందట కమర్షియల్ హక్కుల మీద చేసుకున్న ఒప్పందం ఈ నెల 8తో అయిపోతోంది. కొత్తగా టెండర్ పిలిస్తే నవంబర్ 7 గడువుకి ఒక్కరంటే ఒక్కరు కూడా ముందుకు రాలేదు. సెప్టెంబర్లో సుప్రీంకోర్టు ఆమోదించిన ఫెడరేషన్ రాజ్యాంగాన్ని సిద్ధం చేసింది మన తెలుగువారే, జస్టిస్ లావు నాగేశ్వరరావు గారు. కాగితం మీద పని జరిగింది, గ్రౌండ్‌లో మాత్రం విజిల్ మోగలేదు. మామూలుగా సెప్టెంబర్లో లీగ్ మొదలై, అక్టోబర్‌కల్లా ఆటగాళ్లు మంచి ఊపులో ఉండాలి. ఈసారి నెలల తరబడి ఒక్క పోటీ మ్యాచ్ కూడా ఆడని కాళ్లతో సింగపూర్ వెళ్లినవాళ్లు ఉన్నారు, సూపర్ కప్‌లో మూడేసి మ్యాచ్‌లు ఆడి ఢాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. రెండో సగంలో వాళ్ల కాళ్లు బరువెక్కితే దానికి కోచ్ ఏం చేస్తాడు?

ఇక్కడే మీకొక పాత సంగతి గుర్తు చేయాలి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. పదికి ఒకటి! చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అప్పటి కోచ్ హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ ఓటమి తర్వాత ఆయన్ని పంపించేసి ఉంటే? పంపించలేదు. నాలుగేళ్లలో మెల్‌బోర్న్‌లో అదే రహీం సాబ్ జట్టు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్‌కి వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడి, ఫైనల్లో అదే కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఆయన క్యాన్సర్‌తో పోయారు.

జమీల్‌ని రహీం అంతటివాడని నేను అనడం లేదు. ఆసియాలో అందరూ ముందుకెళ్లిపోయారు, అప్పటికీ ఇప్పటికీ పోలికే లేదు. నేను చెప్పేది రహీం సాబ్ కింద ఏముందన్నది. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఏడాది పొడవునా తన చేతి కింద ఆడే కుర్రాళ్లనే ఆయన దేశానికీ తీసుకెళ్లేవారు. వాళ్లకి ఆడటానికి లీగ్ ఉంది, చూడటానికి జనం ఉన్నారు. ఇవాళ ఆ హైదరాబాద్‌లో ఏమైందో చూడండి. 2022లో ఐఎస్ఎల్ ట్రోఫీ ఎత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఈ ఏడాది పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి టాప్ లీగ్ క్లబ్ ఒక్కటి కూడా లేదు.

మా విశాఖ సంగతీ చెప్పాలి. 2020లో ఐ-లీగ్‌లోకి కొత్త క్లబ్బుల్ని తీసుకున్నప్పుడు శ్రీనిధి క్లబ్ బిడ్ గెలిచింది విశాఖపట్నం పేరు మీదే. మా సంతోషానికి హద్దుల్లేవు. తర్వాత ఆ జట్టు హైదరాబాద్ నుంచే ఆడింది, వరుసగా రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది. ఆ క్లబ్బుని నేను తప్పు పట్టడం లేదు, కనీస సౌకర్యం ఉన్న చోటికే ఎవరైనా వెళ్తారు. కానీ నేవీ ఉంది, పోర్టు ఉంది, స్టీల్ ప్లాంట్ ఉంది, రైల్వే ఉంది, అన్నిటికీ గ్రౌండ్లున్నాయి. ఇలాంటి ఊరికి వచ్చిన ఐ-లీగ్ క్లబ్ ఇక్కడ ఒక్క హోమ్ సీజనైనా ఆడకుండా పోయిందంటే, ఎందుకని ఎవరూ అడగలేదు.

సాయంత్రం నాలుగున్నర దాటాక ఆర్కే బీచ్‌కి రండి. అలలు వెనక్కి తగ్గి ఇసుక గట్టిపడిన చోట చెప్పులు నాలుగు పాతి గోల్ పోస్టులు చేసుకుంటారు జాలారిపేట జాలర్ల పిల్లలు. ఆ తడి ఇసుకలో బంతి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, అయినా దాన్ని ఎడమ కాలితో గాల్లోకి లేపి అవతలి వాడి నెత్తి మీదుగా దాటించే కుర్రాళ్లున్నారు. వాళ్లలో ఒకడి నాన్న నన్ను అడిగాడు, “మావోడు బాగా ఆడతాడంటారు కదండీ, ఇప్పుడు ఎక్కడికి పంపాలి?” అని. స్కూల్ టోర్నమెంట్ అయిపోతే ఏడాదికి ముప్పై మ్యాచ్‌లు ఆడే లీగ్ ఫలానా చోట ఉందని చెప్పగలిగితే నాకు అంతకన్నా ఏం కావాలి? చెప్పలేకపోయాను. ఆ పిల్లాడు ఇంకో ఏడాదికి తండ్రితో పాటు బోటెక్కుతాడు.

జాతీయ జట్టు పునర్నిర్మాణం అంటే నాకు ఇదంతా కలిపే అనిపిస్తుంది. రయాన్ విలియమ్స్ అనే ఆటగాడు ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని మన పాస్‌పోర్ట్ తీసుకున్నాడు, సంతోషం, చేతులు చాచి రమ్మంటాను. అయినా అలాంటి వాళ్లు ఒకరో ఇద్దరో వస్తారు. మొన్న ఆదివారం అహ్మదాబాద్‌లో మన అండర్-17 కుర్రాళ్లు ఇరాన్‌ని 2-1తో ఓడించి అండర్-17 ఆసియా కప్‌కి వెళ్లారు. జులైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ని వాళ్ల దేశంలోనే ఓడించి మహిళల ఆసియా కప్‌కి అర్హత సాధించారు, ఆ జట్టులో నిజామాబాద్ పిల్ల సౌమ్య గుగులోత్ ఉంది. అంటే పిల్లల్లో సత్తా ఉంది. పదిహేడుకీ ఇరవై రెండుకీ మధ్య వాళ్లు ఎక్కడ ఆడుతున్నారన్నదే తేలాలి.

అందుకే నా విన్నపం ఇది. జమీల్‌ని ఇప్పుడే కదపనివ్వకండి. మార్చి 31న హాంకాంగ్‌తో మన గడ్డ మీద ఉన్న మ్యాచ్ గెలిచినా మనకి ఆసియా కప్ ఎలాగూ రాదు, కాబట్టి ఆ మ్యాచ్‌కి 23 ఏళ్ల లోపు వాళ్లని ఎంతమందిని దింపుతాడు, ఒక గోల్ ముందుంటే మళ్లీ వెనక్కి జరుగుతాడా లేక రెండో గోల్ కోసం వెళ్తాడా, ఇవి చూసి ఆయన్ని అంచనా వేయండి. ఫెడరేషన్ టెక్నికల్ కమిటీ ఆయన్ని కూర్చోబెట్టి మడ్‌గావ్, ఢాకా మ్యాచ్‌ల మీద రాతపూర్వకంగా వివరణ తీసుకుని జనం ముందు పెడితే ఇంకా మంచిది, దాచాల్సిందేమీ లేదు. అలాగే మీ వైపు నుంచి ఐఎస్ఎల్ ఏ తేదీన మొదలవుతుందో చెప్పండి. స్పాన్సర్ దొరికాకే అంటే ఈ సీజన్ మొత్తం పోతుంది. దొరకకపోతే ప్రభుత్వమే కొన్నాళ్లు చెయ్యందించి, మ్యాచ్‌లు తగ్గించైనా సరే, ఆడించాలి. కోచ్‌కి ఫిఫా విండో (జాతీయ జట్ల మ్యాచ్‌లకి కేటాయించిన రోజులు) ముందు కనీసం పది రోజుల క్యాంప్ ఖాయంగా దొరికేలా, క్లబ్బులు ఆటగాళ్లను ఆపకుండా, లీగ్ ఒప్పందంలోనే రాయించండి.

విశాఖకి వచ్చేసరికి, మా రాష్ట్ర క్రీడా శాఖతో మాట్లాడి పోర్టు, రైల్వే, స్టీల్ ప్లాంట్ గ్రౌండ్లలో ఏడాది పొడవునా నడిచే అండర్-15, అండర్-18 లీగ్ ఒకటి వచ్చే జూన్‌కల్లా మొదలయ్యేలా చూడండి. ఈ సంస్థలన్నీ కేంద్రం చేతిలోనివే, మీ నుంచి ఒక ఉత్తరం చాలు. గ్రౌండ్లు ఇప్పించండి. రిఫరీలుగా నిలబడటానికి, పిల్లల్ని పోగేసి తీసుకురావడానికి ఇక్కడ మాలాంటి వాళ్లం చాలామందిమి సిద్ధంగా ఉన్నాం.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
విశాఖపట్నం నుంచి ఒక ఫుట్‌బాల్ అభిమాని