గుండె వాల్వు మార్చుకున్నవాళ్ళకు ఐఎన్ఆర్ పరీక్ష దగ్గర్లోనే దొరకాలి

సంపాదకులకు నమస్కారం.

మా అక్క కూతురికి 26 ఏళ్ళు. కాపురం పాడేరు అవతల, అల్లుడు అక్కడ ఆశ్రమ పాఠశాలలో టీచరు. చిన్నప్పుడు దానికి గొంతు నొప్పి, జ్వరం, ఆ వెనకే కీళ్ళ వాపులు వచ్చి తగ్గిపోతే మేమెవరం పట్టించుకోలేదు. అది కీళ్ళవాత జ్వరమనీ, మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ళ తరబడి వేయిస్తే గుండెను కాపాడుకునే వీలుండేదనీ గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు పాడయ్యాక గానీ తెలియలేదు. నిరుడు విశాఖలో ప్రభుత్వ పథకం కింద వాల్వు మార్చారు. రూపాయి తీసుకోలేదు. ప్రాణం నిలిపిన డాక్టర్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాం.

నా బాధంతా ఆపరేషన్ ముందు రాత్రి గురించి. 'మెటల్ వాల్వా, టిష్యూ వాల్వా?' అని అడిగి సంతకం పెట్టించుకున్నారు. మెటల్‌ది అరగదన్నారు, మేం అదే వెయ్యమన్నాం. రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలనీ, మోతాదు సరిపోతోందో లేదో, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షతో చూసుకుంటూ ఉండాలనీ డిశ్చార్జి రోజున చెప్పారు. మైట్రల్ చోట మెటల్ వాల్వు ఉన్నవాళ్ళకు ఐఎన్ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ కడుతుంది, మరీ పెరిగితే లోపల రక్తం కారుతుంది. ఆవు గుండెపొరతోనో పంది వాల్వుతోనో చేసే టిష్యూ వాల్వుకు ఆ మాత్ర మొదటి కొన్ని నెలలే చాలట. కానీ అది పది, పదిహేనేళ్ళకు పాడవుతుంది, చిన్న వయసువాళ్ళలో ఇంకా త్వరగా. అప్పుడు మళ్ళీ ఆపరేషన్.

పిల్లలు పుట్టాల్సిన అమ్మాయికి ఇంకో చిక్కుంది. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ లాంటి మాత్రలు గర్భం మొదటి మూడు నెలల్లో కడుపులో బిడ్డకు హాని చెయ్యొచ్చు. భయపడి ఆపేస్తే తల్లి వాల్వుకు ముప్పు. ఈ మాట సంతకానికి ముందు ఒక్కరూ ఎత్తలేదు. తెలిసినా మెటలే ఎంచుకునేవాళ్ళమేమో. కానీ తెలిసి ఎంచుకునేవాళ్ళం కదా!

వాళ్ళ మండలంలో ఐఎన్ఆర్ చేసేవాళ్ళు లేరు. ప్రతిసారీ నూరు కిలోమీటర్లకు పైగా ఘాట్ రోడ్డు దిగి విశాఖ రావాలి. వానల్లో రెండు నెలలు రాలేకపోయింది. ఆయాసంతో తీసుకొచ్చేసరికి ఐఎన్ఆర్ 1.4, వాల్వు రెక్క గడ్డలో ఇరుక్కుపోయింది. గడ్డ కరిగే మందు పనిచేసి బతికింది. ఆ రాత్రి ఐసీయూ బయట మా అక్క పక్కన కూర్చున్నదాన్ని నేను, మరిచిపోలేను.

ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మాత్ర పనిని తగ్గిస్తుంది కాబట్టి తోటకూర, మునగాకు పూర్తిగా మానెయ్యమని ఎవరో చెబితే పిచ్చి పథ్యం కూడా చేసింది. నిజానికి మానక్కర్లేదు. ఒక వారం అసలు మానేసి మరో వారం రోజూ తినడం కాకుండా, ఇంచుమించు ఒకే లెక్కన తింటే చాలు. ఒంటినొప్పులకు దుకాణంలో మాత్ర కొనుక్కుని మింగడమే అసలు ప్రమాదం. ఇవి తెలుగులో ఒక కాగితం మీద అచ్చేసి ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది?

తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థలో గుండె శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ వలియథాన్ బృందం తయారుచేసిన 'చిత్ర' అనే కృత్రిమ గుండె వాల్వును 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు. పేదవాడికి అందే ధరలో వాల్వు ఉండాలని మన దేశం పట్టుబట్టి సాధించుకున్నది అది. అంత చేసి, వాల్వును కాపాడే పరీక్షను మాత్రం కొండ కింద ఉంచేశాం.

షుగరు మిషన్‌లాగే వేలి మీద చుక్క రక్తంతో నిమిషాల్లో ఐఎన్ఆర్ చూపే పరికరాలున్నాయి. వాటిని ఏజెన్సీలోని ఏరియా ఆసుపత్రుల్లో, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో (సీహెచ్‌సీల్లో) పెట్టి, ఫలితాన్ని ఫోన్‌లో విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) గుండె విభాగానికి చెప్పి మోతాదు అడిగే ఏర్పాటు చెయ్యాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను. వాల్వు ఎంపిక గురించి కనీసం రెండు రోజుల ముందు కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడాలి. రోగి ఊరు ఎంత దూరమో, అక్కడ ఈ పరీక్ష దొరుకుతుందో లేదో కూడా అప్పుడే అడగాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
గాజువాక, విశాఖపట్నం