రేట్లు మారుతున్నాయి, స్టాల్ కూడా కొంచెం మారుతోంది

నమస్తే. మా దగ్గర ఇత్తడి, రాగి, పింగాణీ, ఎనామిల్ పాత సామాన్లు కొనేవాళ్లందరికీ ముందే చెప్పేస్తున్నాను. వచ్చే నెల నుంచి ఇత్తడి, రాగి వస్తువుల రేట్లు పెరుగుతాయి. చెంబులు, గిన్నెలకు కొంచెం, బిందెలకు బాగానే. స్టాల్ ముందు నిలబడి "పోయినసారి ఇంత లేదు కదమ్మా" అని మీరు అడగడం, నేను నసగడం, వెనకాల ఇంకో నలుగురు వింటూ ఉండటం, ఆ ఇబ్బంది ఇద్దరికీ ఎందుకని ఇక్కడే లెక్కతో సహా రాస్తున్నాను.

చాలామంది నా పోటీ పక్క స్టాల్ వాళ్లతో అనుకుంటారు. కాదు. నా పోటీ తుక్కు కొట్టు కాటాతో. అటక మీద ఉన్న పాత బిందెను ఇవాళ కొనేది ఇద్దరే, నాలాంటి వాళ్లు, లేదంటే తుక్కాయన. తుక్కాయనకు బిందె మెడ ఎంత తీరుగా ఉందో, ఎవరి పెళ్లిలో పెట్టిందో అక్కర్లేదు. కాటా మీద పెడతాడు, కిలో లెక్కన డబ్బు చేతిలో పెడతాడు. రెండు రోజుల్లో అది కొలిమికి పోతుంది. అంతకంటే ఒక్క రూపాయి తక్కువ చెప్పినా సామాను నా దాకా రాదు. వాళ్లనీ తప్పు పట్టలేం, ఇల్లు ఖాళీ చేసి ఫ్లాట్‌లోకి మారుతున్నవాళ్లకు ఆ పూటకు చేతికొచ్చే డబ్బే ముఖ్యం.

ఇక రాగి సంగతి మీకూ తెలిసిందే. 2024 మేలో లండన్ మెటల్ ఎక్స్‌చేంజ్‌లో టన్ను 11,000 డాలర్లు దాటి, అప్పటికి ఎన్నడూ లేని రికార్డు కొట్టింది. ఆ తర్వాత కాస్త దిగినా, మళ్లీ పైకెక్కింది. కరెంటు కార్లకూ డేటా సెంటర్లకూ రాగి కావాలి. ఇత్తడి అంటే రాగి, జింకు మిశ్రమమే, అందులో పెద్ద వాటా రాగిదే. అక్కడెక్కడో లండన్‌లో రేటు కదిలితే ఇక్కడ హైదరాబాద్ బేగంబజార్‌లో మాకు సెగ తగులుతుంది.

లెక్క చూడండి. నాలుగు కిలోల ఇత్తడి బిందె అనుకుందాం. తుక్కు రేటు రోజూ మారుతుంది కానీ, కిలో 500 అనుకుంటే కాటా మీదే 2,000 అయిపోయింది. ఇంటివాళ్లు అంతకంటే ఎక్కువ వస్తేనే నాకిస్తారు, 2,400 ఇస్తాను. ఆటో ఖర్చులో దాని వంతు 100. సొట్టలు తీయించి మెరుగు పెట్టించడానికి 250. స్టాల్ అద్దెలో దాని వాటా 200. మొత్తం 2,950. దాన్ని 3,400కు పెడితే మిగిలేది 450. మీరు బేరమాడి 3,200కు తీసుకెళ్తే 250. అది కూడా ఆ రోజే అమ్ముడైతే. అమ్ముడవకపోతే మళ్లీ ఆటో, మళ్లీ అద్దె.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఇత్తడి, రాగి, కంచు వస్తువుల మీద బరువు రాసిన చీటీ ఉంటుంది, రేటు కూడా దాని మీదే. వాటికి బేరం లేదు. జాడీలు, ఎనామిల్, గాజు, చెక్క సామాన్లకు మాత్రం మామూలుగానే బేరమాడుకోవచ్చు. బేరం లేకపోతే అసలు మజా ఏముంది! చీటీ మీది బరువు నమ్మకపోతే స్టాల్‌లో చిన్న కాటా ఉంది, మీరే తూచుకోండి. "ఆన్‌లైన్‌లో కొత్త బిందే ఇంతకు వస్తోంది" అనే వాళ్లకు నా జవాబు కూడా ఆ కాటాయే. కొత్తదాన్ని తెచ్చి పక్కన పెట్టి తూచండి, తేడా తెలిసిపోతుంది.

రెండో మార్పు, సరుకులో. గురువారం జుమేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ, ఈ రెండూ తెలియని పాత సామాన్ల వాళ్లు హైదరాబాద్‌లో ఉండరు. జుమేరాత్ బజార్ జరిగే పురానాపూల్ దగ్గర తెల్లవారేలోపే సెల్‌ఫోన్ లైట్ల వెలుతురులో బేరాలు మొదలైపోతాయి. ఇదివరకు అక్కడి గుట్టల్లో మిక్సీ మోటార్లూ పాత చెప్పులూ గుండిగలూ అన్నీ కలిసే ఉండేవి. ఇప్పుడు లోహం అక్కడిదాకా రావడమే తగ్గింది, బస్తీల్లో తిరిగే బండి వాళ్ల దగ్గరే వేరుపడి తుక్కుకు పోతోంది. బజారుకు వస్తున్నది ఎనామిల్ పళ్లేలు, గాజు సీసాలు, లాంతర్లు, చెక్క పోపుల పెట్టెలు, కొలతల డబ్బాలు. స్టాల్‌లో కూడా ఇకపై అవే ఎక్కువ కనిపిస్తాయి. గంగాళాలు, పెద్ద కాగులు ఊరికే తెచ్చి పెట్టను. ఎవరైనా గార్డెన్‌లో తామరలు వేసుకోవడానికో, ఫంక్షన్‌కో కావాలంటే ముందు చెప్పండి, వెతుకుతాను. ఆల్విన్ బీరువాలు అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. మన హైదరాబాద్‌లో 1942లో మొదలైన కంపెనీ, దాని మీద ప్రేమ నాకూ ఉంది. కానీ వాటిని మోసే మనుషులూ పెట్టే చోటూ నాకు లేవు. దొరికిన చోటు చెప్తాను, మీరు మీరు మాట్లాడుకోండి.

మానిక, తవ్వ, సోల, గిద్ద లాంటి పాత కొలత పాత్రలు, ఇంకా పాత ఇనప తూకపు రాళ్లు ఈసారి బాగానే దొరికాయి. వాటి వయసు అడుగుతుంటారు కాబట్టి ఒక గుర్తు చెప్తాను. మన దేశంలో తూకాలకు మెట్రిక్ పద్ధతి 1958 అక్టోబరు నుంచి దశలవారీగా వచ్చింది. సేరు లెక్క ముద్ర ఉన్న రాయి సాధారణంగా అంతకు ముందుదో, ఆ మార్పు జరుగుతున్న కాలానిదో అయి ఉంటుంది. కిలోల ముద్ర ఉంటే ఆ తర్వాతిది. ఇంతకంటే కచ్చితంగా ఫలానా సంవత్సరం అని నేను చెప్పను. చెప్పేవాళ్లు ఉంటే వాళ్లను ఎలా తెలుసో అడగండి.

అలాగే "యాంటిక్" అనే బోర్డు మా స్టాల్ మీద ఎందుకు లేదని అడిగారు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, నాణేలు, కళాత్మక వస్తువుల లాంటివి పురావస్తువులు. వాటి వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, ప్రైవేటు మనుషులు వాటిని దేశం దాటించడం నిషేధం. నాకు లైసెన్సు లేదు, తీసుకునే ఉద్దేశమూ లేదు. నేను అమ్మేవి మన అమ్మమ్మలు, నానమ్మలు వాడిన వంటింటి సామాన్లు. దేవుడి విగ్రహాలు ఎంత చిన్నవైనా కొనను, ఏ గుడి నుంచి వచ్చాయో తెలియని వాటితో నాకెందుకు టెన్షన్. ఏనుగు దంతం పిడులున్న కత్తులు, డబ్బీలు కూడా అడగకండి. దంతం వ్యాపారం మన దేశంలో పూర్తిగా నిషేధం, "చాలా పాతదమ్మా" అన్నా సరే.

ఇప్పుడు పేర్ల సంగతి. దీని మీద నాకూ కొంతమంది కస్టమర్లకూ ఎప్పుడూ చిన్న గొడవే. పాత చెంబులు, పళ్లేల మీద పేర్లు కొట్టి ఉంటాయి కదా. "గిఫ్టుకు కావాలి, ఆ పేరు తీయించి ఇవ్వండి" అంటారు. తీయించను. మొన్న వచ్చిన మరచెంబు చెప్తాను. మూత బిగిస్తే ఇప్పటికీ గట్టిగా కూర్చుంటుంది, నీళ్లు పోసి తలకిందులు చేసినా చుక్క కారదు. దాని భుజం చుట్టూ చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టారు. చి.ల.సౌ. అని మొదలై, ఒక ఆడపేరు, ఇంటిపేరు, 1957. కొట్టినాయన చోటు సరిపోక చివరి రెండక్షరాలు కిందికి దించేశాడు, అందులో ఒక వత్తు పక్క అక్షరానికి తగిలింది. ఎవరో పెళ్లికూతురికి సారెలో పెట్టింది అది. పేరు అరగదీయిస్తే ఆ చోట రేకు పలచబడుతుంది, తెల్లటి మచ్చ పడుతుంది, ఎంత మెరుగు పెట్టినా కలవదు. చెంబు అందం అరవై శాతం ఆ వంకర అక్షరాల్లోనే ఉంది అని నా అభిప్రాయం. పేరు లేనిదే కావాలంటే అలాంటివీ ఉంటాయి, అవి తీసుకోండి. ఆన్‌లైన్‌లో పెట్టే ఫొటోల్లో మాత్రం ఇంటిపేరు కనబడకుండా చేస్తాను, అది ఆ ఇంటివాళ్ల మర్యాద.

మెరుగు విషయంలో ఇకపై రెండు రకాలు ఉంటాయి. తోమి, మెరుగు పెట్టినవి ఒక రేటు. దొరికింది దొరికినట్టు, నల్లగా ఉన్నవి దానికంటే తక్కువ. ఇంట్లో చింతపండు, ఉప్పు పెట్టి తోముకునే ఓపిక ఉంటే రెండోది తీసుకోండి, నాకూ పని తప్పుతుంది. ఒక్క మాట, బిద్రీ సామానుకు మాత్రం చింతపండు, పీతాంబరి, ఏదీ ముట్టించకండి. అది ఇత్తడి కాదు, ఎక్కువగా జింకు, కొంచెం రాగి. దాని నలుపు మురికి కాదు, బీదర్ కోట మట్టితో పట్టించిన రంగు. పోయిన ఏడాది ఒక అక్క పాన్‌దాన్ తోమి తోమి తెల్లగా చేసి తెచ్చి, "చూడండి ఎంత శుభ్రమైందో" అని మురిసిపోయింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. కొంచెం కొబ్బరి నూనె రాసి మెత్తటి బట్టతో తుడిస్తే చాలు.

వంటకు వాడుకునే ఇత్తడి, రాగి గిన్నెలు ఇక కళాయి, అంటే లోపల తగరం పూత, లేకుండా ఇవ్వను. కళాయి ఖర్చు రేటులో కలిసే ఉంటుంది. "మేం వేయించుకుంటాం, తగ్గించండి" అని తీసుకెళ్లిన వాళ్లలో కొందరు వేయించకుండానే చింతపండు పులుసు పెట్టేస్తున్నారని తెలిసింది. పులుపు తగిలితే ఆ లోహం వంటలో దిగుతుంది, చిలుము విషం అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. నేను పాతబస్తీలో ఒక పెద్దాయన దగ్గర వేయిస్తాను. గిన్నెను బొగ్గుల మీద కాల్చి, నవసాగరం పొడి చల్లుతాడు, గుప్పున తెల్లటి పొగ లేస్తుంది. ఆ వేడి మీదే తగరం ముక్క ఆనిస్తే వెన్నలా జారుతుంది, దూది గుడ్డతో చుట్టూ ఒక్క తిప్పు తిప్పుతాడు, గిన్నె లోపలంతా వెండి రంగు. చూస్తుంటే రెండు నిమిషాల పని. ఆయన చేతులు చూస్తే ఎన్నేళ్ల పనో తెలుస్తుంది. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది, అందుకని కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టి మరిచిపోకండి. పోపు కూడా వేరే మూకుడులో వేసుకుని కలపండి. లోపల ఎర్రగా, పసుపుగా కనిపించడం మొదలైతే మళ్లీ వేయించాలి. మా దగ్గర కొన్నవాటికి నేను తీసుకెళ్లి వేయించి తెస్తాను, ఆయన తీసుకునే డబ్బే మీరు ఇవ్వండి, నా కమిషన్ ఉండదు.

కొత్త సామానును పాతదిగా చూపించి అమ్మడం కూడా బాగా పెరిగింది. నా దగ్గరే కొనాలని కాదు కానీ, ఎక్కడ కొన్నా కొంచెం చూసుకోండి. ముందు అయస్కాంతం పెట్టండి, అతుక్కుంటే లోపల ఇనుమే, పైన పూత. తర్వాత బిందెను తిప్పి అడుగు, పక్కలు చూడండి. చేత్తో కొట్టిన పాత బిందెకు రేకులు కలిపిన చోట అతుకు కనిపిస్తుంది, కొన్నిటికి అది పళ్లు పళ్లుగా ఉంటుంది. లోపలంతా సన్నటి గుండ్రటి గీతలే తప్ప ఎక్కడా అతుకు లేకపోతే మిషన్ మీద తిప్పిందే అయి ఉండొచ్చు. అరుగుదల ఎక్కడుందో చూడండి. నిజంగా వాడింది అంచు దగ్గర, చేయి పట్టే చోట, నేలకు తగిలే చోట అరుగుతుంది. యాసిడ్ పెట్టి నలుపు చేసింది సందుల్లోనూ బయటా ఒకేలా నల్లగా ఉంటుంది. కంచు అయితే చెవి దగ్గర పెట్టి గోటితో కొట్టండి, మోత చాలాసేపు నిలవాలి.

జాడీలకు ఆవకాయ సీజన్ ముందు ఎప్పుడూ తోపులాటే. మార్చిలోనే చెప్పిపెట్టుకోండి, ఏప్రిల్ చివర్లో వచ్చి అడిగితే పెద్దవి ఉండవు. ప్రతి జాడీనీ నీళ్లు నింపి రాత్రంతా పేపరు మీద పెట్టి, పొద్దున పేపరు పొడిగా ఉంటేనే అమ్మకానికి పెడతాను. కనపడని చీలిక ఉంటే పేపరు చెప్పేస్తుంది. తడిసినవి మొక్కలకు, గరిటెలు పెట్టుకోవడానికి అని విడిగా తక్కువకు ఇస్తాను. పెచ్చులూడిన ఎనామిల్ పళ్లేలు కూడా అంతే, గోడకు తగిలించుకోవడానికే, అన్నం పెట్టుకోవడానికి కాదు. పింగాణీ, గాజు ఇక కొరియర్‌లో పంపను. ఎంత చుట్టి పంపినా పగిలిన ముక్కల ఫొటోలే వస్తున్నాయి, వచ్చి తీసుకెళ్లాల్సిందే.

స్టాళ్ల గురించి రెండు ముక్కలు. మాదాపూర్ వైపు చేసే వారాంతపు మార్కెట్‌లో అద్దె బాగా పెంచారు. అక్కడ అమ్మకం బాగానే ఉంటుంది, కానీ మిగిలేది వాళ్లకే పోతోంది, అందుకని దాన్ని వదిలేస్తున్నాను. కాలనీ, అపార్ట్‌మెంట్ సంతలకు పిలిస్తే వస్తాను. వానాకాలంలో ఓపెన్ గ్రౌండ్‌లో స్టాల్ పెట్టను. మిగతా రోజుల్లో నల్లకుంటలో మా ఇంటి కింది గదిలోనే సామాను ఉంటుంది. ముందు మెసేజ్ పెట్టి రండి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం వద్దు, అది మా అత్తగారు పడుకునే టైమ్, ఇత్తడి చప్పుడు పడదు.

మీ ఇంట్లో పాత సామాను తీసేయాలనుకుంటే తుక్కుకు వేసేముందు నాకు ఒక ఫొటో పంపండి. ఆ రోజు కాటా మీద ఎంత వస్తుందో నేనే చెప్తాను, నేను ఎంత ఇవ్వగలనో కూడా చెప్తాను. నచ్చితే ఇవ్వండి, లేకపోతే మీ ఇష్టం. ఫొటోతో పాటు బరువు కూడా రాయండి. ఇంట్లో తూచుకునే వీలు లేకపోతే వీధి చివర కిరాణా కొట్లో పెట్టి చూపించినా చాలు.