హైకూకు ఋతుపదం కూడా అవసరమే

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లో హైకూల పేరిట వచ్చే కవితలు చదివినప్పుడల్లా, మూడు పాదాల కొలతను మాత్రం తీసుకుని, జపాను కవులు శతాబ్దాలుగా కాపాడుకున్న ఋతువిభజననూ, కవితలో ఋతువును సూచించే మాట అయిన ఋతుపదాన్నీ మనం వదిలేశామన్న బాధ కలుగుతుంది. హైకూకు చాలా ముందే, 905 ప్రాంతంలో జపాను చక్రవర్తి ఆజ్ఞపై కూర్చిన ‘కొకిన్‌షూ’ కవితా సంకలనంలోని 20 భాగాల్లో మొదటి ఆరూ ఋతువులవే; వసంతానికీ శరత్తుకూ రెండేసి, వేసవికీ శీతకాలానికీ ఒక్కొక్కటి. పద్యాలు కూడా కాలం నడిచే వరుసలోనే సాగుతాయి. ప్రేమకు కేటాయించిన ఐదు భాగాల్లోనూ, ఇంకా చూడని మనిషిపై కలిగే తొలి ఆరాటం నుంచి ఎడబాటు దాకా అటువంటి క్రమమే కనిపించడం నాకెంతో ఇష్టం.

తరవాతి కాలపు ‘సైజికి’ అనే ఋతుపద కోశాలు నాలుగు ఋతువులతోపాటు కొత్త సంవత్సరాన్నీ వేరు విభాగంగా పెట్టి, ఒక్కోదానిలో ఆకాశం, భూమి, మనుషుల జీవనం, పండుగలు, జంతువులు, మొక్కలు అంటూ పదాలను అమర్చాయి. విశేషణమేదీ లేకుండా ‘చంద్రుడు’ అంటే శరత్కాలపు చంద్రుడే, ‘పువ్వు’ అంటే వసంతంలో పూసే చెర్రీ పువ్వే. పదిహేడు అక్షరాల కవిత అంత బరువు మోయగలగడానికి ఈ ఒప్పందం ఒక ముఖ్య కారణం.

ఆ జాబితాను యథాతథంగా తెచ్చుకోమనడం లేదు. వేపపూత, ముంజెలు, తొలకరి, ఆరుద్ర పురుగు వంటి మాటలతో మన ఆరు ఋతువులకూ ఒక పట్టికను, పాఠకుల సాయంతో మీ సాహిత్య పుటలో వారం వారం ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు